గ్లాసు ముందు, గుండు తరువాత

మా జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అందరికీ వచ్చిన విద్య ఒకటుండేది: జవాబు దగ్గర మొదలుపెట్టి రీడింగుల దాకా వెనక్కి నడవడం. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాలని పుస్తకంలో ఉంది. గుండు ఊగినా ఊగకపోయినా, స్టాప్‌వాచ్ నొక్కినా నొక్కకపోయినా, రికార్డులో 978 అనో 983 అనో తేలేది. సరిగ్గా 980 వేస్తే సార్‌కి అనుమానం వస్తుందని అటో రెండు, ఇటో మూడు సర్దేవాళ్ళం. సీనియర్ల రికార్డులు చేతులు మారుతూ ఉండేవి గనుక అందులోని కొన్ని అంకెలు మాకంటే వయసులో పెద్దవి.

ఆ ఏడు మధ్యలో వచ్చిన ఒక లెక్చరర్ ఈ విద్య బొత్తిగా పనికిరాని ప్రయోగం పెట్టారు. సిలబస్‌లో లేదు, మార్కులు లేవు. మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన బేరింగు గుండు, అడ్డకొలత 25 మిల్లీమీటర్లు. కిటికీలకు వేసే అల్యూమినియం చానల్ ముక్క, లోపలి వెడల్పు 15 మిల్లీమీటర్లు. చానల్ ఒక కొసను పైకి లేపి, రెండో కొస బల్ల అంచు దగ్గర నేలకు సమాంతరంగా ఉండేలా వంచి కట్టారు. గుండు బయలుదేరే చోటు బల్ల అంచుకంటే 20 సెంటీమీటర్లు ఎత్తు. అంచు నుంచి నేలకు 80 సెంటీమీటర్లు. కింద తెల్లకాగితం, దానిమీద కార్బన్ పేపరు. ఇంట్లో నీళ్ళు తాగే స్టీలు గ్లాసు ఒకటి.

"గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టి అక్కడ గ్లాసు పెట్టండి. ఆ తర్వాతే వదులుతా," అన్నారు.

"ముందొకసారి వదిలి చూపించండి సార్."

"చూపిస్తే ఇంక నువ్వు చెప్పేదేముందిరా?"

అయినా వదిలారు. గుండు గరగరమని దొర్లుతూ వచ్చింది. బల్ల అంచు దాటుతుండగానే అరచేత్తో పట్టేసుకున్నారు. మా అందరి కళ్ళూ నేల మీద ఉన్నాయి. అక్కడేమీ పడలేదు.

ఆ పట్టేసుకున్న అరచెయ్యి గురించే ఈ అధ్యాయం.

లెక్క నాకు వచ్చు. ఎత్తునుంచి దిగేటప్పుడు గుండు ఎంత వేగం పుంజుకుంటుంది, 80 సెంటీమీటర్లు పడటానికి ఎంతసేపు పడుతుంది, ఈ రెండూ తెలిస్తే దూరం వస్తుంది. పడటానికి పట్టేది 0.4 సెకను. బల్ల మీద ఎంత వేగంగా వచ్చినా, నెమ్మదిగా వచ్చినా ఆ 0.4 మారదు. అడ్డంగా పోవడం ఒకరి పని, కిందికి పడటం ఇంకొకరి పని అన్నట్టు రెండూ దేని దారిన అవి నడుస్తాయి. సమీకరణాలన్నీ కలిపి కుదిస్తే మిగిలేది చాలా చిన్నది: వాలు ఎత్తును బల్ల ఎత్తుతో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చెయ్యి. 20ని 80తో గుణిస్తే 1600. వర్గమూలం 40. రెట్టింపు 80. అంకె ఇంత ముద్దుగా తేలితే తప్పెలా అవుతుంది? బల్ల అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, సరిగ్గా దాని కింద సుద్దతో గీత గీసి, అక్కణ్ణించి 80 సెంటీమీటర్లు కొలిచి గ్లాసు పెట్టాను.

చుక్క 63 దగ్గర పడింది.

గ్లాసుకు జానెడు ఇవతల. నాతో పాటు లెక్క వేసిన వాడు వెంటనే, "గాలి సార్," అన్నాడు. సార్ పైకి చూశారు. ఫ్యాను ఆగి ఉంది. ఆయనేమీ అనలేదు. చాలా ఏళ్ళ తర్వాత నేనే కూర్చుని లెక్క వేశాను. 64 గ్రాముల ఉక్కు గుండు, అంత తక్కువ వేగం, అర సెకను కూడా లేని ప్రయాణం. గాలి వల్ల తగ్గే దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. మేము దాని నెత్తిన 17 సెంటీమీటర్లు మోపాం. గాలి ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది, ఎదురు చెప్పదు, అందుకని దాన్ని అంటాం. మీ ఇంట్లో ఆ పాత్ర ఎవరిదో ఒకసారి ఆలోచించండి. ట్రాఫిక్ కావచ్చు, నెట్‌వర్క్ కావచ్చు, అత్తగారు కావచ్చు.

ఆ గ్లాసు అక్కడ లేకపోయి ఉంటే ఏమయ్యేది? సార్ ముందే గుండు వదిలి, 63 దగ్గర చుక్క చూపించి, ఎందుకు 63 అని అడిగి ఉంటే, మేము పది నిమిషాల్లో 63 వచ్చే దారి ఒకటి కనిపెట్టేవాళ్ళం. రికార్డు నీటుగా ఉండేది. నాకు 80 అనే అంకె తట్టిందన్న సంగతి కూడా గుర్తుండేది కాదు.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు బయలుదేరే ముందు, బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బెయిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఇజ్రాయెల్ విద్యార్థులను కొన్ని ప్రశ్నలడిగారు. ఫలానాది జరగడానికి అవకాశం ఎంత, ఫలానాది జరగడానికి ఎంత అని. పర్యటనలు ముగిశాక మళ్ళీ పిలిచి, అప్పుడు మీరేం చెప్పారో గుర్తు చేసుకొని రాయమన్నారు. నిజంగా జరిగిన వాటికి తాము మొదట ఇచ్చినదానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు గుర్తు తెచ్చుకున్న వాళ్ళే ఎక్కువ. ఎవరూ అబద్ధమాడలేదు. జ్ఞాపకమే జవాబు వైపు జరిగి కూర్చుంది. 'నాకు ముందే తెలుసు' అని మనవాళ్ళు పెళ్ళిళ్ళ గురించీ, ఎన్నికల గురించీ, పక్కింటివాడి వ్యాపారం గురించీ అనే మాట నూటికి తొంభైసార్లు నిజాయితీగానే అంటారు. అందుకే అది అంత ప్రమాదం.

తరగతి గదిలో కూడా ఇంతే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం 2004లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. క్లాసులో ప్రయోగం చేసి చూపిస్తే ఊరికే చూసిన పిల్లలకు, అసలు చూడని పిల్లలకు అవగాహనలో పెద్ద తేడా కనిపించలేదు. ఏం జరుగుతుందో ముందు చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్ళకు మెరుగ్గా అర్థమయింది. ముందు చెప్పడానికి పట్టే సమయం రెండు నిమిషాలు.

గెలీలియో కాగితం

ఈ ప్రయోగం మా సార్ సొంతం కాదని డిగ్రీకి వెళ్ళాక తెలిసింది. 1608 ప్రాంతంలో, పాదువాలో గణితం బోధిస్తున్న రోజుల్లో గెలీలియో ఇదే పని చేశాడు. వాలు మీద నుంచి గుండును దొర్లించి, బల్ల అంచు నుంచి గాల్లోకి వదిలి, నేల మీద ఎంత దూరంలో పడిందో కొలిచాడు. ఆ అంకెలు వేసుకున్న కాగితాన్ని ఎక్కడా అచ్చువేయలేదు. 1638లో లైడెన్‌లో వెలువడిన ఆయన చివరి గ్రంథంలో విసిరిన వస్తువు పరావలయంలో పోతుందన్న సిద్ధాంతం ఉంది గానీ ఈ కొలతలు లేవు. గెలీలియో ప్రయోగాల్లో చాలా వాటిని బుర్రలోనే చేశాడని అలెగ్జాండర్ కొయ్‌రే లాంటి చరిత్రకారులు వాదించారు కూడా. ఫ్లారెన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతుల్లో 116వ ఆకు వెనకవైపును 1973లో స్టిల్‌మన్ డ్రేక్ అనే పండితుడు ప్రచురించాక ఆ వాదన బలహీనపడింది.

ఆ కాగితం నాకెందుకంత ఇష్టమో చెప్పాలంటే అందులోని అంకెలు చెప్పాలి. ఆయన కొలమానం పుంటో, మిల్లీమీటరుకు కాస్త తక్కువ. బల్ల ఎత్తు 828. మొదట 300 ఎత్తు నుంచి వదిలాడు. గుండు 800 దూరంలో పడింది. ఇక ఎత్తు రెట్టింపు చేసి 600 నుంచి వదిలితే ఎక్కడ పడాలి? ఎత్తు రెండింతలైతే దూరం రెండు వర్గమూలమన్ని రెట్లు కావాలి. లెక్క ప్రకారం 1131. నిజంగా పడింది 1172. పక్కనే, తేడా 41 అని రాసుకున్నాడు. 800 ఎత్తుకు 1306 రావాలి, వచ్చింది 1328, తేడా 22. 828కి తేడా 10. 1000 ఎత్తుకు 1460 రావాలి, 1500 వచ్చింది, తేడా 40.

పడవలసింది ఇంత, పడింది ఇంత, తేడా ఇంత. అచ్చుకు ఇవ్వని చిత్తు కాగితం, చూసి మెచ్చుకునేవాడెవడూ లేడు, అయినా తేడాను చెరపలేదు. 1500ను 1462 చేయడం ఆయనకు ఎంత పని? మా ల్యాబులో ఎవరిని అడిగినా చేసి పెట్టేవారు.

ఇంకో సంగతి దీనికంటే లోతైనది, అది నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. నేను వాడిన ముద్దులెక్కలో గెలీలియో అంకెలు వేసి చూడండి. 300ను 828తో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే దాదాపు 997 రావాలి. ఆయన గుండు 800 దగ్గరే పడింది. నా గుండు 80కి 63 దగ్గర పడ్డట్టే. అయినా ఆయన మిగతా అంచనాలు అంత దగ్గరగా ఎలా వచ్చాయి? ఆదర్శ లెక్కతో మొదలుపెట్టలేదు గనుక. తన మొదటి గుండు నిజంగా ఎంత దూరం పోయిందో దాన్నే కొలబద్దగా తీసుకుని, అక్కణ్ణించి దామాషా వేశాడు. గుండును వెనక్కి లాగుతున్నదేమిటో ఆయనకు తెలియదు. తెలియకపోయినా అది ఆ 800లో కలిసిపోయి ఉంది.

ఆ 17 సెంటీమీటర్లు ఎటు పోయాయి

రెండో వారం సార్ ఒక్క ప్రశ్న అడిగారు. "గుండు జారుతూ వచ్చిందా, దొర్లుతూ వచ్చిందా?"

దొర్లే గుండు ముందుకు పోవడమే కాదు, తన చుట్టూ తాను తిరగాలి కూడా. ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి ఒకటే సంచి. అందులోంచి రెండు ఖర్చులూ నడవాలి. చదునైన పలక మీద దొర్లే గట్టి గుండు ప్రతి ఏడు పాళ్ళలో రెండు పాళ్ళు తిరగడానికే పెడుతుంది. ఆ లెక్కన దూరం 80 నుంచి 67.6కి తగ్గుతుంది. ఇక్కడ బరువు ఊసే లేదని గమనించండి. గాజు గోళీ అయినా ఉక్కు గుండు అయినా గట్టిగా నిండి ఉంటే చాలు, అంతే దూరం. పింగ్‌పాంగ్ బంతి లాంటి బోలుది మాత్రం తిరగడానికి ఇంకా ఎక్కువ అడుగుతుంది, ఇంకా ఇవతల పడుతుంది.

67.6 దగ్గర గ్లాసు పెట్టాం. చుక్క మళ్ళీ 63 దగ్గరే, గ్లాసుకు ఆనుకున్నట్టుగా పడింది. తేడా ఇప్పుడు నాలుగున్నర.

ఈసారి ఎవరూ గాలి అనలేదు. చానల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. గుండు చానల్ అడుగును తాకడమే లేదు. రెండు అంచుల మీద ఎక్కి, అంచుల మధ్య కాస్త దిగి దొర్లుతోంది. 25 మిల్లీమీటర్ల గుండు 15 మిల్లీమీటర్ల సందు మీద కూర్చుంటే, దొర్లడానికి వాడుకునే వ్యాసార్ధం పన్నెండున్నర నుంచి పదికి పడిపోతుంది. అంటే అదే దూరం పోవడానికి ఎక్కువ చుట్లు తిరగాలి. ఏడింట రెండు పాళ్ళు కాస్తా నూటికి 38 పాళ్ళయింది. లెక్క మళ్ళీ వేస్తే 62.8. చుక్కతో కలిసింది.

మూడోసారి గ్లాసును 63 దగ్గర పెట్టాం. గెలిచామనుకున్నాం. గుండు గ్లాసు అంచుకు తగిలి టంగుమని ఎగిరిపోయింది. సార్ నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తు. చుక్క నేల మీద పడుతుంది, గ్లాసుకు పది సెంటీమీటర్ల ఎత్తుంది. గుండు గ్లాసులో పడాలంటే నేలను కాదు, మూతిని అందుకోవాలి. పది సెంటీమీటర్ల ఎత్తులో ఉండగా అది అంచు నుంచి 59 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. గ్లాసు ముందంచు 59న్నర దగ్గర ఉంది. భౌతిక శాస్త్రమంతా సరిగ్గా చేసి, గ్లాసుకు ఎత్తుంటుందన్నది మరిచిపోయాం.

నేను చూసిన వైఫల్యాల్లో సగం ఇలాంటివే. పరీక్షకు అన్నీ చదివి హాల్‌టికెట్ మీద సెంటరు పేరు సరిగా చూసుకోని వాళ్ళు, హోటల్‌కు వంటవాణ్ణి, సరుకును, పెట్టుబడిని అన్నిటినీ సమకూర్చుకుని బండ్లు ఎక్కడ ఆపుకుంటారో ఆలోచించని వాళ్ళు.

ఇక నాలుగో వారం. సార్ వాలు ఎత్తును 20 నుంచి 30కి పెంచారు. "ఫార్ములాలు మూసెయ్యండి. మీ పాత చుక్క ఒక్కటే వాడండి," అన్నారు. ఎత్తు ఒకటిన్నర రెట్లు. దాని వర్గమూలం 1.22. 63ను దానితో హెచ్చిస్తే 77. గ్లాసు మూతి ఎత్తుకు తగ్గిస్తే 72. గ్లాసు మధ్యభాగం 72 మీద వచ్చేలా పెట్టాం. గుండు లోపల పడి, గోడకు కొట్టుకుని, అడుగున గిరగిరా తిరిగి ఆగింది. దొర్లుడు గురించి, చానల్ వెడల్పు గురించి ఒక్క ముక్క ఆలోచించకుండా పడిన గుండు అది.

మీ మొదటి గుండు

మా తమ్ముడి కొడుకు గ్రూప్-2కి చదువుతున్నాడు. పాలిటీ పుస్తకం 22 చాప్టర్లు, 22 రోజుల్లో పూర్తి చేస్తానని గోడకు టైంటేబుల్ అంటించాడు. మొదటి చాప్టరుకే రెండున్నర రోజులు పట్టింది. "ఆ రోజు చుట్టాలొచ్చారు పెదనాన్నా. ఒక పూట కరెంటు పోయింది. రేపటి నుంచి అలా ఉండదు," అన్నాడు.

ఉంటుంది. రేపు చుట్టాలు రాకపోతే గ్యాస్ బండి వస్తుంది. నాయనమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చదివింది మరిచిపోయి వెనక్కి తిప్పాలి. వీటిని వాడు బద్ధకం అంటున్నాడు, ఇంట్లోవాళ్ళు కూడా అదే అంటున్నారు. నేను దీన్ని దొర్లుడు ఖర్చు అంటాను. గుండు తిరగడం మానేసి ముందుకే పోవాలని తిట్టడం ఎంత సబబో, ఇంట్లో ఉండి చదివే పిల్లవాడికి ఇంటి పని తగలకూడదనడం అంతే సబబు. దొర్లేది తిరగక తప్పదు. కాకపోతే ఆ ఖర్చు ఎంతో మన ఊహకు ఎప్పుడూ అందదు. ఊహలో మనం ఎప్పుడూ జారుతూనే పోతాం.

కనుక ఊహను అడగొద్దు, మొదటి గుండును అడుగు అన్నాను. మొదటి చాప్టరు 30 పేజీలు, రెండున్నర రోజులు. అంటే రోజుకు 12 పేజీలు. చుట్టాలతో, కరెంటు కోతతో, ఫోనుతో సహా. పుస్తకం 500 పేజీలు. 42 రోజులు. వాడి ముఖం వాడిపోయింది. అంత లేదులే పెదనాన్నా అన్నాడు. సరే, గ్లాసు పెట్టు, ఆ టైంటేబుల్ వెనక 42 అని రాసి తేదీ వెయ్యి అన్నాను. 45 రోజులకు పూర్తయింది. తేడా 3. ఆ మూడు వాణ్ణి బాధపెట్టలేదు. 22 గోడ మీద ఉంటే 23 మిగులు రోజులూ రోజుకొక ఓటమిగా గడిచేవి.

ఇది మీరు దేనికైనా చేయవచ్చు. ఇల్లు కడుతుంటే మేస్త్రీ చెప్పిన మొత్తం అంచనాను నమ్మకండి, పునాదికి ఆయనేం చెప్పాడో, నిజంగా ఎంతయిందో చూసి, ఆ నిష్పత్తితో మిగతాది హెచ్చించండి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు తేడా సంగతి బాగా తెలిసినవాడే. ఎంతో మాత్రం చెప్పలేదు.

పుస్తకం పెట్టుకోండి. ఖరీదైన డైరీ అక్కర్లేదు, పాత నోట్‌బుక్కు చాలు. గీతలు గీసి గడులు చేయండి: పడవలసింది, పడింది, తేడా. నాలుగోది కారణం, కానీ దాన్ని తేడా రాసిన రోజే నింపకండి. వారం ఆగండి. అదే రోజు నింపితే అందులో గాలి అని ఉంటుంది.

పెన్సిల్‌తో రాయకూడదు. ఇది నా చాదస్తం అనుకోండి.

అంచనా ఎంత ఇరుకుగా ఉండాలన్న ప్రశ్న వస్తుంది. గ్లాసు మూతి ఏడు సెంటీమీటర్లు. భోజనం పళ్ళెం పెడితే ఎవరైనా గెలుస్తారు, గదంతా దుప్పటి పరిస్తే ఓడిపోవడమే కుదరదు. 'ఈ ఏడాదిలో ఎప్పుడో పూర్తవుతుంది' అనేది దుప్పటి. '17వ తేదీ సాయంత్రం నాలుగింటికి' అనేది గుండు పట్టేంత సందు కూడా లేని చిన్న గిన్నె. ఎంత మూతి కావాలో మీ పాత చుక్కలు చెబుతాయి, ఎలాగో ఆ ల్యాబులోనే చూశాను.

మొదటి వారమే, గ్లాసు 80 దగ్గర ఉండగా, ఒకే చోటునుంచి పదిసార్లు గుండు వదిలాం. మొదట నేను వేలితో పట్టుకుని వదిలాను. చుక్కలు అరచేయంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. వదిలేటప్పుడు వేలు ఒకసారి తోస్తుంది, ఒకసారి ఆపుతుంది. తర్వాత గుండుకు అడ్డంగా స్కేలు పెట్టి, దాన్ని ఒక్కసారిగా పైకి తీశాం. పది చుక్కలూ రూపాయి బిళ్ళలో ఇమిడేంత దగ్గరగా పడ్డాయి. అయితే ఆ బిళ్ళ గ్లాసుకు జానెడు ఇవతలే ఉంది. సార్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, రెండూ తప్పే గానీ ఒకే తప్పు కాదు అన్నారు. చుక్కలు చెదిరితే చెయ్యి సరిగా లేదు. చుక్కలు గుమిగూడి గురికి దూరంగా ఉంటే లెక్క సరిగా లేదు.

ఈ తేడా పట్టుకోలేక చాలామంది తప్పు మందు వేసుకుంటారు. ఒకామె ప్రతిరోజూ ఆఫీసుకు సరిగ్గా పావుగంట ఆలస్యంగా చేరుతుంది. ఆమెకు క్రమశిక్షణ లేదని తిడతారు. రోజూ అదే పావుగంట అంటే చుక్కలు గుమిగూడాయన్నమాట. క్రమశిక్షణకు లోటేమీ లేదు, దారికి 40 నిమిషాలు అని ఎప్పుడో వేసుకున్న లెక్క తప్పు. గడియారం పావుగంట ముందుకు జరిపితే తీరిపోతుంది. ఇంకొకడు ఒకరోజు అరగంట ముందొస్తాడు, ఒకరోజు గంట ఆలస్యం. సగటు తీస్తే వాడూ పావుగంటే ఆలస్యం. వాడికి గడియారం జరిపినా ఉపయోగం లేదు. వాడు స్కేలు వెతుక్కోవాలి: ఒకే సమయానికి నిద్ర, ఒకే బస్సు, రాత్రే సర్దిపెట్టిన బ్యాగు. పది చుక్కలు పడనిదే మీరు ఎవరి కోవలోకి వస్తారో తేలదు. రెండు చుక్కలు చూసి స్వభావం మార్చుకోవడానికి బయలుదేరకండి.

ఒక హెచ్చరిక. గుండుకు చెవులు లేవు. మీరు 80 అన్నా 63 అన్నా అది తన దారిన పడుతుంది. మనుషులు అలా కాదు. 'నీకు 60 మార్కులకు మించి రావు' అని పిల్లవాడికి చెబితే, అప్పుడే మీ వేలు గుండును తోసేసింది. ఇతరుల గురించి వేసే అంచనాలు నోట్‌బుక్కులోనే ఉండాలి, భోజనాల దగ్గరికి రాకూడదు. నేను ఈ నియమం రెండుసార్లు తప్పాను. ఆ రెండు కారణాల గడులూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఇంట్లో చేసి చూడాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. చానల్ కొస బల్ల అంచు దాకా రావాలి, సమతలంగా ఉండాలి. రెండు డిగ్రీలు కిందికి వాలినా గుండు ఒక సెంటీమీటరు ఇవతల పడుతుంది. బల్ల మీద వేగం కొలవాలనుకుంటే చేతి స్టాప్‌వాచ్‌ను నమ్మకండి. గుండు మీటరు దూరాన్ని సుమారు 0.6 సెకనులో దాటేస్తుంది, అందులో పదో వంతు సెకను చెయ్యి తడబడితే గురి సుమారు పది సెంటీమీటర్లు తప్పుతుంది. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. పిల్లలుంటే వాళ్ళ చేత గ్లాసు పెట్టించండి. వాళ్ళు 'ముందొకసారి వదలవా' అని బతిమాలతారు. అంచు దగ్గర పట్టుకోవడం సాధన చేసుకోండి, గుండు చేజారితే ఆట అయిపోయినట్టే.

ఈ అధ్యాయం మొదలుపెట్టే ముందు నా నోట్‌బుక్కులో ఒక వరస రాసుకున్నాను. పడవలసింది: 4 రోజులు. ఈ పూట రెండో గడి నింపాను. పడింది: 9. తేడా: 5. కారణం వచ్చే మంగళవారం రాస్తాను.